సొంతదారు లేని వాక్యం

జూలై పద్దెనిమిదో తారీఖు, గురువారం. ఆ పొద్దున్న సోమరాజు మాస్టారు కాలేజీ క్యాంటీన్లో పెసరట్టు తిన్నారు. ఉల్లిపాయ ముక్కలు మాడకుండా, అంచులు మాత్రం కరకరలాడేటట్టు వేసిన పెసరట్టు. పక్కన అల్లం పచ్చడి. తారీఖు అంత బాగా గుర్తుండిపోవడానికి కారణం పెసరట్టు కాదు. లాకుపేట డిగ్రీ కాలేజీలో ఒక మనిషి ఫలానాది తిన్నానని చెబితే, ఎదుటి మనిషి ‘అలాగా’ అని ఊరుకున్న ఆఖరి రోజు అది.

ఆ మధ్యాహ్నమే స్టాఫ్ మీటింగు జరిగింది. ప్రిన్సిపాల్ డాక్టర్ త్రివిక్రమరావు గారు లేచి, గొంతు సవరించుకుని, కాలేజీ పరువు గోతిలో పడిందని ప్రకటించారు. పడిన మాట నిజమే. జిల్లా వ్యాసరచన పోటీకి పంపిన వ్యాసాలన్నీ కట్ట విప్పకుండానే తిరిగొచ్చాయేమో అనుకున్నారు మొదట. విప్పారు, చదివారు కూడా. విషయం ‘నా జీవితంలో మరపురాని రోజు’. చూడబోతే తరగతిలో సగంమందికి ఒకే మరపురాని రోజు ఎదురైంది. సగంమంది తాతయ్యలు ఒకే వానలో, ఒకే సైకిలు మీంచి, ఒకే గుంటలో పడ్డారు. మనవలూ మనవరాళ్ళూ వాళ్ళని భుజాన వేసుకుని ఒకే ఆసుపత్రికి పరిగెత్తారు. ఒకమ్మాయి తాతగారు ఆ అమ్మాయి పుట్టకముందే పోయారు. అయినా ఆ అమ్మాయీ మోసుకెళ్ళింది. న్యాయనిర్ణేతలు మార్కులేవీ వెయ్యకుండా, చివరి వ్యాసం కింద ఎర్రసిరాతో ‘పెద్దాయన ఇప్పుడు ఎలా ఉన్నారు?’ అని మాత్రం రాశారు.

“ఇకమీదట ఈ ప్రాంగణంలో ఆధారం లేనిదే అక్షరం లేదు,” అన్నారు ప్రిన్సిపాల్ గారు, టీ తాగి.

మర్నాటికి ఆ మాట గేటు మీద నీలం రంగుతో వెలిసింది. దాని కింద చిన్న అక్షరాలతో దాని ఆధారం కూడా రాయించారు: ‘ప్రిన్సిపాల్ గారు, స్టాఫ్ మీటింగు, టీ తర్వాత.’

నియమం అమలు చెయ్యడానికి ‘మూలశుద్ధి విభాగం’ అని ఒకటి పెట్టారు. దానికి సమన్వయకర్త కామర్సు మాస్టారు డాక్టర్ మృత్యుంజయరావు. ఆయన మంచివాడే. కాకపోతే ఎప్పుడో రాసిన సిద్ధాంత గ్రంథాన్ని ఇంతవరకూ లోకంలో ఒక్కరూ ఎక్కడా పేర్కొనలేదు. ఆ దిగులు ఆయన నడకలో కూడా కనిపించేది. విభాగం రాగానే నడక మారింది. ఒక గది, ఒక కంప్యూటరు, అందులో ‘ఆధారిణి’ అనే సాఫ్ట్‌వేరు వచ్చాయి. ఏ వాక్యం ఇచ్చినా అది ప్రపంచంలో ఇంకెక్కడ ఉందో వెతికి చెబుతుంది. కాపీ అయితే ఎర్రదీపం, ఆధారం చూపించి ఉంటే పచ్చదీపం.

మొదట వ్యాసాలతో మొదలైంది. ప్రతి వాక్యానికీ ఒక అంకె, ఆ అంకెకు పేజీ అడుగున ఒక ఫుట్‌నోటు. సూర్యుడు తూర్పున ఉదయిస్తాడంటే ఆరో తరగతి సైన్సు వాచకం. నేను లాకుపేటలో పుట్టాను అంటే మునిసిపల్ ఆఫీసు. పేజీలో పైన ఒక వాక్యం పల్లకీలో పెళ్ళికొడుకులా కూర్చుంటే, కింద బోయీల్లా ఫుట్‌నోట్లు మోస్తూ ఉండేవి. ఆరో తరగతి వాచకం లేకపోయినా సూర్యుడు తూర్పునే ఉదయిస్తాడు కదండీ అని ఎవరో అడిగారు. మృత్యుంజయరావు గారు అడిగినవాళ్ళని జాలిగా చూసి, “ఫుట్‌నోటులో ఎవరి పేరు ఉన్నదో వాక్యము వారిది. సూర్యుని సంగతి మన పరిధిలోనిది కాదు,” అన్నారు. అది కూడా నాలుగో నియమంగా గోడకెక్కింది.

సోమరాజు మాస్టారికి ఇదంతా మరీ చెడ్డగా కనిపించలేదు. ఆయన చరిత్ర పాఠం చెబుతారు. ఎన్నాళ్ళనుంచో ఎవరూ ముట్టుకోని పుస్తకాలకు ఆధారాల వేటలో దుమ్ము వదిలింది. లైబ్రరీ కిటికీ కూడా తెరిచారు. అంతమాత్రం గాలి లోపలికి వచ్చినా మంచిదేగా అనుకున్నారు.

కానీ నియమానికి కాళ్ళు వచ్చాయి. కాగితం మీదనుంచి నోటిమీదకి నడిచింది. ఎవరైనా ఇంకొకరి మాట చెప్పాలంటే ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఏదైనా విడిచిపెడితే విడిచినచోట మూడు చుక్కలు ఉండాలి. రాతలో అయితే చుక్కలు పెట్టొచ్చు, మాటలో ఎలాగన్నది సమస్య. దానికి అటెండరు యేసురత్నం తన దారి తను చూసుకున్నాడు. ఒక పొద్దున్న చరిత్ర విభాగం గుమ్మంలో నిలబడి, రెండు చేతుల వేళ్ళూ చెవుల పక్కకి ఎత్తి, అవి కొటేషన్లని తెలిసేలా కాస్త ఆడించి, చెప్పాడు.

“ప్రిన్సిపాల్ గారు చెప్పమన్నారండి. ‘ఆ...’” అని ఆగి తలుపు మీద మూడుసార్లు టకటకటక కొట్టాడు. “‘సోమరాజుని,’” మళ్ళీ మూడుసార్లు కొట్టాడు, “‘తీసుకురా’. అంతేనండి.”

సోమరాజు మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “రెండుచోట్ల విడిచిపెట్టావేంటయ్యా?”

“ఒకటి మీ వయసు గురించండి. రెండోది మీ నిద్ర గురించండి. నన్నడక్కండి మాస్టారూ, మూడు చుక్కలండి.”

వారం తిరిగేసరికి కాలేజీ అంతా టకటకలే. ప్రిన్సిపాల్ గారి నోటి దురుసు వరండాలో ఈ చివరనుంచి ఆ చివరకి తలుపుల మీద వినిపించేది. కబురు అందినవాళ్ళు చుక్కల పొడుగును బట్టి కోపం ఎంతో కొలుచుకునేవారు. ఒకసారి జువాలజీ మేడం గది తలుపు అదేపనిగా మోగితే, కొత్త చెక్క వేయిస్తున్నారేమో అనుకున్నారు.

హాజరు కూడా మారింది. ‘నేనున్నాను’ అని తనకు తాను చెప్పుకుంటే అది స్వోక్తి, చెల్లదు. పక్కవాళ్ళు చెప్పాలి. దాంతో, రానివాళ్ళ తరఫున పలికే పాత అలవాటు దొంగతనం కాకుండా పోయింది, అదే పద్ధతైంది. తరగతిలో ఖాళీ బెంచీలు ఎక్కువయ్యాయి, హాజరు నూటికి నూరైంది. ప్రిన్సిపాల్ గారు ఆ సంగతి విభాగం సాధించిన విజయంగా ప్రకటించారు, ఆధారంతో సహా.

క్యాంటీన్ బోర్డు మీద కూడా మూలాలు రాయమన్నారు. మొదటిరోజే బోర్డు మీద ‘ఉప్మా (చూ. నిన్నటి ఇడ్లీ)’ అని కనిపించింది. ఎన్నేళ్ళుగానో అందరికీ ఉన్న అనుమానం ఒక్క సుద్దముక్కతో తీరిపోయింది. నియమానికి ఆ ఒక్క పుణ్యం మాత్రం దక్కాలి అనుకున్నారు సోమరాజు మాస్టారు, ఆ రోజు అరటిపండు తింటూ.

ఆయనకు నియమం తగిలింది ఇంకోచోట. ఆయన భార్య సుభద్రమ్మ గారు పోయి కొన్నేళ్ళయింది. ఏ మాట చెప్పాలన్నా ‘మా ఆవిడ అనేది’ అని మొదలుపెట్టడం ఆయన అలవాటు. వాన రాబోతోందని మా ఆవిడ అనేది, చింతపండు కొత్తది కొనకూడదని మా ఆవిడ అనేది. ‘బతికున్నప్పటికంటే పోయాకే ఆవిడ ఎక్కువ మాట్లాడుతున్నారు మాస్టారూ’ అని స్టాఫ్ రూములో వేళాకోళం చేసేవారు కూడా. ఆయనా నవ్వేవారు. అందులో సగం ఆవిడ అన్నవో, ఆవిడ అంటే బాగుండునని ఈయన అనుకున్నవో ఆయనకే తెలీదు.

మృత్యుంజయరావు గారు ఒకరోజు ఆయన్ని మర్యాదగా పక్కకి పిలిచి, దివంగతుల మౌఖిక వాక్కు ధ్రువీకరణకు నిలవదు గనుక, వ్రాతపూర్వక ప్రతి ఏదైనా ఉంటే సమర్పించవలసిందిగా కోరారు. లేనిపక్షంలో ఇకముందు ఆ ప్రస్తావనలు పరిహరించవలెను. సోమరాజు మాస్టారు అలాగేనన్నారు. ఆ రోజునుంచి స్టాఫ్ రూములో ఆయన మధ్యాహ్నం భోజనం మాట లేకుండా చేసేవారు. క్యారియరు మూత పెట్టేటప్పుడు మాత్రం వేలితో దానిమీద మెల్లిగా మూడుసార్లు తట్టేవారు. ఎవరూ గమనించలేదు.

ఇదిలా ఉండగా కడలి సత్యవేణి వ్యాసం వచ్చింది.

సత్యవేణి డిగ్రీ ఆఖరి సంవత్సరం పూర్తిచేసింది. తండ్రికి కాలువ నీళ్ళు ఆపే లాకుల మీద చిన్న కుట్టుమిషను కొట్టు ఉంది. ఆ అమ్మాయికి యూనివర్సిటీలో చరిత్ర ఎమ్మే సీటు వచ్చింది. వచ్చినరోజే ఆ తండ్రి వచ్చిన ప్రతి జాకెట్టుకూ ఆ కబురు కలిపి కుట్టి ఇచ్చాడు. సీటు చేతికి రావాలంటే కాలేజీనుంచి ఆఖరి వ్యాసానికి మూలశుద్ధి ధ్రువపత్రం కావాలి. నెలాఖరులోగా అందకపోతే సీటు వరసలో వెనకున్న వాళ్ళకి పోతుంది.

వ్యాసం లాకుపేట కాలువ చరిత్ర. లాకుపేట తెలియనివాళ్ళకి ఒక సంగతి చెప్పాలి. ఊరి మధ్యగా కాలువ ఉంది. వంతెన కట్టాలని ఎప్పుడో అనుకున్నారు. తూర్పు గట్టు వాళ్ళు తమ బజారు ఎదురుగా ఉండాలన్నారు, పడమర గట్టు వాళ్ళు తమ బస్టాండు ఎదురుగా ఉండాలన్నారు. ఎవరి వంతెన వాళ్ళు మొదలుపెట్టారు. ఇప్పుడు తూర్పునుంచి ఒక సగం వంతెన వచ్చి కాలువ మధ్యలో ఆగిపోయింది. పడమరనుంచి ఇంకో సగం వచ్చి దానికి బాగా దిగువన ఆగిపోయింది. జనం రెంటినీ చూసుకుంటూ బల్లకట్టు మీద దాటుతారు.

సత్యవేణి వ్యాసంలో అన్ని వాక్యాలకూ ఫుట్‌నోట్లున్నాయి, ఒక్కదానికి తప్ప. ఆ వాక్యం ఇది: ‘ఈ ఊరిని రెండుగా చేసింది కాలువ కాదు, వంతెన ఎక్కడ కట్టాలన్న తగువు.’

ఆధారిణి ఆ వాక్యాన్ని రాత్రంతా వెతికింది. ఎర్రదీపం వెలగలేదు, పచ్చదీపం వెలగలేదు. పొద్దున్నకి తెర మీద సున్నా ఉంది.

మృత్యుంజయరావు గారు ఆ సున్నాని చాలాసేపు చూశారు. తన అనుభవంలో సున్నా చూడటం ఇదే మొదలని ప్రిన్సిపాల్ గారికి చెప్పారు. మామూలు దొంగ అయితే గుర్తులు వదిలిపెడతాడు. గుర్తులే లేకుండా చేశారంటే చేసిన చెయ్యి సామాన్యమైనది కాదు.

“దొరికితే కాపీ సార్. దొరక్కపోతే మహా కాపీ,” అన్నారు.

సోమరాజు మాస్టారు సత్యవేణికి పర్యవేక్షకుడు. ఆయన్ని పిలిచి అడిగారు. ఆ వాక్యం ఆ అమ్మాయి సొంతమేనండి, నేను చూశాను అన్నారాయన. ఏమి చూశారని విభాగం అడిగింది. లైబ్రరీలో కిటికీ పక్కన కూర్చుని కాలువకేసి చూస్తోందని, పెన్ను వెనకభాగం నోట్లో పెట్టుకుందని, తర్వాత తీసి రాసిందని చెప్పారు.

“ఆలోచించినట్లు చూచితిరా?”

“పెన్ను నోట్లో ఉందండీ మరి.”

“పెన్ను నోటిలో ఉండుట ఆలోచనకు సూచన మాత్రమే, సాక్ష్యము కాదు. ఆలోచన మధ్యవర్తుల సమక్షంలో జరగలేదు గదా,” అని మృత్యుంజయరావు గారు రాసుకున్నారు.

మర్నాడు సత్యవేణికి సంజాయిషీ నోటీసు వచ్చింది, కాలేజీ గోడకి ఒక నకలు అంటించారు. ‘పై వాక్యమునకు ఎట్టి మూలమూ లభ్యము కానందున, సదరు వాక్యము అజ్ఞాత వ్యక్తి నుండి అపహరింపబడినదిగా భావించుటకు తగిన అవకాశము కలదు. అసలు సొంతదారులెవరైనను ఉన్నచో తగు గుర్తులు చెప్పి వాక్యమును తీసుకొని పోవచ్చును.’ అచ్చు తప్పిపోయిన గేదె దొరికినప్పుడు వేసినట్టే ఉంది.

సత్యవేణి నోటీసు పట్టుకుని చరిత్ర విభాగానికి వచ్చింది. ఏడవలేదు. ఏడిస్తే అదీ ఎవరిదో చూసి ఏడ్చిందంటారని భయమేమో.

“మా నాన్న ఊరంతా చెప్పేశాడండి మాస్టారూ. ఇప్పుడు కొట్టు దగ్గరకొచ్చిన వాళ్ళంతా జాకెట్టు కొలతలు ఇచ్చి, ‘ఎవరిదే అమ్మాయ్ ఆ వాక్యం’ అని అడుగుతున్నారండి.”

“నువ్వేం చెప్పావమ్మా?”

“నాదేనంటే నమ్మట్లేదండి. ఆధారం ఉందా అంటున్నారు.”

నోటీసు ఊళ్ళోకి పాకింది. కాలేజీలో ఒక మంచి వాక్యం సొంతదారు లేకుండా పడి ఉందని తెలిశాక ఎవరు ఊరుకుంటారు? విచారణ రోజుకు హక్కుదారులు రానే వచ్చారు. తూర్పు గట్టునుంచి ఒక రిటైరైన హెడ్మాస్టారు వచ్చారు. పడమర గట్టునుంచి ఒక మాజీ వార్డు మెంబరు వచ్చాడు. పెళ్ళి శుభలేఖలకు పద్యాలు రాసే ఒకాయన వచ్చి, తన వాక్యాలు ఇలాగే పోతున్నాయని ఎప్పటినుంచో అనుమానమన్నాడు. ఇంకొకాయన ఈ మాట తనకి స్నానం చేస్తుండగా తోచిందని, సబ్బు కళ్ళల్లో పడి రాసుకోలేకపోయానని చెప్పాడు. సాక్షిగా భార్యని తెచ్చాడు. ఆవిడ సబ్బు సంగతి నిజమేనంది.

విచారణ ఎక్కడ జరగాలన్నది మొదటి తగువైంది. కాలేజీ తూర్పు గట్టున ఉంది కాబట్టి అది న్యాయం కాదని పడమర వాళ్ళు అడ్డం తిరిగారు. పడమర గట్టు కల్యాణ మంటపానికి రామని తూర్పు వాళ్ళు బిగుసుకున్నారు. చివరికి ప్రిన్సిపాల్ గారు, మృత్యుంజయరావు గారు, సోమరాజు మాస్టారు, సత్యవేణి, యేసురత్నం, హక్కుదారులు అందరూ బల్లకట్టు ఎక్కారు. బల్లకట్టును కాలువ మధ్యలో ఆపించి, ఈ సగం వంతెనకీ ఆ సగం వంతెనకీ సరిగ్గా నడుమ విచారణ జరిపారు. రెండు సగం వంతెనల మీదా జనం నిండిపోయారు. కట్టిన తర్వాత వాటికి అంత ఉపయోగం కలగడం అదే మొదలు.

హక్కుదారులు ఒక్కొక్కరే వాక్యాన్ని అప్పచెప్పాలన్నారు. హెడ్మాస్టారు లేచి, ‘ఈ ఊరిని రెండుగా చేసింది కాలువ కాదు, పడమర గట్టు వారి మూర్ఖత్వం’ అన్నారు. తూర్పు వంతెన చప్పట్లతో ఊగింది. వార్డు మెంబరు లేచి, ‘ఈ ఊరిని రెండుగా చేసింది కాలువ కాదు, తూర్పు గట్టు వాళ్ళ పొగరు’ అన్నాడు. పడమర వంతెన అంతకంటే గట్టిగా ఊగింది. పద్యాల ఆయన దాన్ని వధూవరులకు అన్వయించి చెప్పాడు. సబ్బు ఆయన మొదటి రెండు మాటలదాకా వచ్చి, మిగతాది స్నానం చేస్తే గుర్తొస్తుందేమోనని కాలువకేసి చూశాడు.

ఒక వంతెనమీద వాళ్ళు అవతలి వంతెనమీద వాళ్ళని ఏదో అన్నారు. అవతలివాళ్ళు ఏమన్నారని ఇవతలివాళ్ళు అడిగారు. మధ్యలో మాట అందించేవాడు యేసురత్నం ఒక్కడే. అతను నియమం ప్రకారం రెండు చేతులూ ఎత్తి వేళ్ళు ఆడించి, తిట్టును తిట్టుగా చెప్పలేక బల్లకట్టు చెక్కమీద మూడుసార్లు కొట్టాడు. జవాబుకీ మూడుసార్లు కొట్టాడు. కాసేపటికి అతను కొడుతూనే ఉన్నాడు. దూరాన్నుంచి వచ్చే పడవవాళ్ళు ఎక్కడో పెళ్ళి డప్పులనుకుని వేగంగా తెడ్లు వేశారు.

ప్రిన్సిపాల్ గారు విచారణ వాయిదా వేశారు. వాక్యం ఎవరిదో తేల్చడానికి ఉప సంఘం వేస్తామన్నారు. ఉప సంఘం ఎక్కడ కూర్చోవాలన్న విషయం పరిశీలనలో ఉందన్నారు. నెలాఖరు మర్నాడే.

సాయంత్రం సత్యవేణి చరిత్ర విభాగానికి వచ్చింది. చేతిలో వ్యాసం, నోటీసు ఉన్నాయి.

“ఆ వాక్యం తీసేస్తానండి మాస్టారూ. ఒక్కటే కదండీ.”

సోమరాజు మాస్టారు వ్యాసం తిప్పి చూశారు. “తీసేస్తే మిగిలేవన్నీ వేరేవాళ్ళవే కదమ్మా.”

కిటికీలోంచి సగం వంతెన కనిపిస్తోంది. దానిమీద పొద్దున్న జనం వదిలేసిన చెప్పు ఒకటి ఉంది. తీసేస్తే దొంగతనం ఒప్పుకున్నట్టే. తియ్యకపోతే సీటు పోతుంది. ఆ రెండూ ఆ పిల్ల మొహంలో కనిపిస్తున్నాయి. మాస్టారు చెయ్యడానికి ఏమీ తోచక నోటీసు అందుకుని చదవడం మొదలుపెట్టారు. ఇంతకుముందు దాన్ని గోడమీద దూరంనుంచే చూశారు. ఇప్పుడు పైనుంచి కిందకి, తారీఖు, సంతకం, ముద్రతో సహా చదివారు. మందు సీసాలతో వచ్చే కాగితాలు కూడా అలాగే చదవడం ఆయనకు భార్య జబ్బుతో ఉన్న రోజుల్లో అలవాటైంది. అలా చదువుతూ పేజీ అడుగున చీమల్లాంటి అక్షరాల దగ్గర ఆగిపోయారు.

ఆగిపోయి నవ్వారు. కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ నవ్వారు.

“ఏమైందండి?” అంది సత్యవేణి కంగారుగా.

“మా ఆవిడ అనేదమ్మా, ఏ కాగితమైనా అడుగునుంచి చదవమని.” సుభద్రమ్మ గారు ఆ మాట ఎప్పుడైనా అన్నారో లేదో ఆయనకు గుర్తులేదు. ఇన్నాళ్ళకి తను ‘మా ఆవిడ అనేది’ అన్నందుకు మాత్రం గుండె తేలికైంది. “ఇదిగో, చూడు. మృత్యుంజయరావు నీ వాక్యం నోటీసులో ఎత్తి రాశాడా? రాస్తే ఆధారం ఇవ్వాలి కదా. ఇచ్చాడు. పద్ధతైన మనిషి పాపం.”

నోటీసు అడుగున ఇలా ఉంది: ‘కడలి సత్యవేణి, లాకుపేట కాలువ చరిత్ర, నాలుగో పుట.’

“నాలుగో నియమం ఏమిటి?”

“ఫుట్‌నోటులో ఎవరి పేరుంటే వాక్యం వాళ్ళదండి,” అని సత్యవేణి గబగబా చెప్పి, చెప్పింది తన చెవికే వినపడినట్టు ఆగిపోయింది. తర్వాత పెన్ను తీసి వెనకభాగం నోట్లో పెట్టుకుంది. “మాస్టారూ. ఆయన నాది ఎత్తి రాశారు కదండీ. మరి నేను ఆయనది ఎత్తి రాస్తే?”

సోమరాజు మాస్టారికి అంత దూరం తోచలేదు. ఆయన మళ్ళీ నవ్వడం మొదలుపెట్టారు.

మర్నాడు పొద్దున్న సత్యవేణి వ్యాసం మళ్ళీ విభాగానికి చేరింది. ఒక్క అక్షరం మారలేదు. ఆ వాక్యం పక్కన చిన్న అంకె వచ్చింది, పేజీ అడుగున ఫుట్‌నోటు వచ్చింది: ‘డాక్టర్ మృత్యుంజయరావు, సంజాయిషీ నోటీసు, మొదటి పుట.’

ఆధారిణికి ఆ వాక్యం ఈసారి క్షణంలో దొరికింది. పచ్చదీపం వెలిగింది.

మృత్యుంజయరావు గారు దీపాన్ని చూడలేదు. ఆయన ఫుట్‌నోటునే చూస్తున్నారు. తన పేరు, ముందు డాక్టర్ అన్న మాట, తర్వాత కామా, తన రచన, పుట సంఖ్య. ఇంకొక మనిషి తన రచనలో తనని పేర్కొనడం ఆయన జీవితంలో అదే మొదలు. కుర్చీలో వెనక్కి వాలారు. కాసేపటికి, ఆ నోటీసు రాసేటప్పుడు మొదటి పేరాలో కొంచెం శైలి తగ్గిందేమో అని యేసురత్నాన్ని అడిగారు.

విషయం ప్రిన్సిపాల్ గారి గదికి వెళ్ళింది. పిలుపు తెచ్చేటప్పుడు యేసురత్నం తలుపు కొట్టవలసిన అవసరం రాలేదు. ప్రిన్సిపాల్ గారు అంత అయోమయంలో ఉన్నారు.

“ఆ అమ్మాయి ఈ వాక్యం ఎక్కణ్ణుంచి తీసుకుంది?”

“నా నోటీసు నుండి సార్. ప్రమాణబద్ధముగా సూచించినది.”

“నువ్వెక్కణ్ణుంచి తీసుకున్నావు?”

“ఆ అమ్మాయి వ్యాసము నుండి సార్. నేనును ప్రమాణబద్ధముగానే సూచించితిని.”

“అంటే ఆ అమ్మాయిది నీది. నీది ఆ అమ్మాయిది.”

“రెండును నిర్దుష్టములు సార్.”

ప్రిన్సిపాల్ గారు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని, ఒకదాని అడుగునుంచి రెండోదాని పైకి, రెండోదాని అడుగునుంచి మొదటిదాని పైకి చూపుడువేలు నడిపించారు. వేలు తిరుగుతూనే ఉంది. ఎక్కడ ఆపినా తను పెట్టిన నియమమే అడ్డం వస్తోంది. అమ్మాయి దొంగ అంటే, ఆ దొంగసొత్తును విభాగం అచ్చువేసి ముద్రకొట్టినట్టవుతుంది. విభాగం సరైనదంటే, నాలుగో నియమం ప్రకారం వాక్యం అమ్మాయిది. బయట వరండాలో హెడ్మాస్టారూ, వార్డు మెంబరూ ఎవరి కుర్చీ ముందుండాలని తగువు పడటం వినిపిస్తోంది.

ఆయన సోమరాజు మాస్టారి వైపు చూశారు. “మీరేమంటారు మాస్టారూ?”

“నేనేమీ అననండి,” అన్నారు సోమరాజు మాస్టారు వినయంగా. “నా దగ్గర ఆధారం ఏమీ లేదండి.”

ప్రిన్సిపాల్ గారు ధ్రువపత్రం మీద సంతకం పెట్టారు. పన్నెండు గంటల బస్సుకి సత్యవేణి తండ్రి కొట్టు మూసి, మెళ్ళో కొలత టేపు తియ్యడం కూడా మరిచిపోయి, ఆ కాగితం తీసుకుని యూనివర్సిటీకి వెళ్ళాడు. సాయంత్రానికి సీటు ఖాయమైందని కబురు వచ్చింది. వాక్యం సొంతదారు దొరికిందని తెలిసి హక్కుదారులు వెళ్ళిపోయారు. పోతూ పోతూ, ఆ కుట్టుమిషను కొట్టు ఏ గట్టుకి దగ్గరో కాళ్ళతో కొలుచుకుంటూ పోయారని చూసినవాళ్ళు చెప్పారు. కొట్టు లాకుల మీద, సరిగ్గా నడిమిన ఉంది. రెండువైపులా కొంత నిరాశ మిగిలింది.

ఆ తర్వాత మృత్యుంజయరావు గారు రోజుకొక నోటీసు వెయ్యడం మొదలుపెట్టారు. ‘సూర్యుడు తూర్పున ఉదయించును’ అని ఒకటి. ‘వర్షము పడుచున్నది’ అని ఒకటి. ‘పెసరట్టు తినబడినది’ అని ఒకటి. అందరికీ పని సులువైపోయింది. ఎవరు ఏ వాక్యం రాసినా కింద ఆయన పేరే. ఒక్క నెలలో లాకుపేటలో ఆయన్ని పేర్కొన్నంతగా ఏ పండితుణ్ణీ ఏ ఊళ్ళోనూ పేర్కొని ఉండరు. ఆయన నడక పూర్తిగా మారిపోయింది. వరండాలో ఎదురైనవాళ్ళ బిడ్డల చదువుల గురించి అడగడం కూడా మొదలుపెట్టారు. ఆయన కిటికీలో ఒక తులసి మొక్క వెలిసింది. ఒకరోజు ఆయన సోమరాజు మాస్టారిని పక్కకి పిలిచి, ‘దివంగతులైన శ్రీమతి సుభద్రమ్మ గారు అనేవారు’ అని ఒక నోటీసు వేసి కింద ఖాళీ వదలమంటారా, మీకు తోచినప్పుడు నింపుకుందురు, అని గొంతు తగ్గించి అడిగారు. వద్దులెండి, అడిగారు, అంతే చాలునన్నారు మాస్టారు.

సత్యవేణి వెళ్ళిపోయే ముందురోజు సాయంత్రం ఒక పొట్లం కాజాలు తెచ్చి ఇచ్చి వెళ్ళింది. కుట్టు కొట్టు దారంతో కట్టిన పొట్లం. మాస్టారు ముడి ఓపిగ్గా విప్పుకుని, అన్నం తిన్నాక ఒక కాజా తిన్నారు. పాకం లోపలిదాకా పట్టింది. ఇంకొకటి తిందామనుకుని, ‘పొద్దుటికి ఉంచండి’ అన్న మాట ఎక్కణ్ణుంచో తోచి, మూత పెట్టారు. ఎవరన్నారో చెప్పమంటే ఆయన చెప్పలేరు.

వీధిలో దీపాలు వెలిగాయి. దూరంగా బల్లకట్టు గొలుసు చప్పుడు ఒకసారి వినిపించి ఆగింది. పడుకునే ముందు ఎప్పుడూ లోపలినుంచి ఒక ప్రశ్న వచ్చేది, తలుపు వేశారా అని. ఇప్పుడు రాదు. సోమరాజు మాస్టారు గుమ్మం దగ్గర నిలబడి, ఆ ప్రశ్నకి ఎంతసేపు పట్టేదో అంతసేపు ఆగారు. తర్వాత చెక్కమీద వేలితో మెల్లిగా మూడుసార్లు తట్టి, చప్పుడు కాకుండా తలుపు వేసుకున్నారు.